మాత్ర చేతికిస్తే సరిపోదు

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో, తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దావిడ కీళ్లవాతానికి మందులు తెచ్చుకున్నారనుకుందాం. మాత్రల అట్ట మీద అక్షరాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఆసుపత్రిలో జాగ్రత్తలు హిందీలో చెబుతారు. "అర్థమైందా?" అని నర్సు అడిగితే ఆవిడ తల ఊపుతారు. ప్రమాదం మొదలయ్యేది ఆ తల ఊపడంలోనే.

ఆ మందు మెథోట్రెక్సేట్ అయితే, కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. కణాలు విభజన చెందడానికి ఫోలేట్ అనే విటమిన్ కావాలి. మెథోట్రెక్సేట్ ఆ ఫోలేట్ పనిని అడ్డుకుంటుంది. పొరపాటున రోజూ వేసుకుంటే, వేగంగా విభజన చెందే కణాలు ముందు దెబ్బతింటాయి. నోట్లో పుండ్లు పడతాయి, ఎముక మజ్జలో రక్తకణాల తయారీ తగ్గుతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు. దీంతోపాటు డాక్టర్లు రాసే ఫోలిక్ యాసిడ్ కూడా కొన్నిసార్లు చిన్న పసుపు మాత్రే కావడంతో, ఒకటి అనుకుని ఇంకొకటి మింగే అవకాశం ఉంది.

వార్డులో మందు ఇచ్చే ముందు నర్సులు అయిదు విషయాలు సరిచూస్తారు: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. ఇంటికి వెళ్లాక ఈ అయిదూ చూసుకోవాల్సింది రోగే. అందుకే రోగికి నేర్పడం కూడా చికిత్సలో భాగమే.

తిరిగి చెప్పించడం

ఇందుకు ఒక తేలికైన పద్ధతి ఉంది. "అర్థమైందా?" అని అడిగే బదులు, "ఇంటికెళ్లాక ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీ కోడలికి ఎలా చెబుతారు?" అని అడగడం. ఆవిడ "రోజూ రాత్రి" అంటే, నర్సు మరోలా వివరించి మళ్లీ చెప్పిస్తుంది. ఇది రోగికి పెట్టే పరీక్ష కాదు, చెప్పినవారు సరిగా చెప్పారో లేదో తేల్చే పరీక్ష.

"వారానికోసారి" అని వదిలేయకుండా రోజు పేరు పెట్టడం ఇంకా మేలు. హిందీలో మంగళ్‌వార్ అన్నా, తెలుగులో మంగళవారం అన్నా ఒకటే. ఆ పేరును మాత్రల అట్ట మీద తెలుగులో రాయించుకుంటే సందేహానికి తావుండదు.

2014 చెప్పిన పాఠం

2014 నవంబర్ 8న బిలాస్‌పూర్ దగ్గర జరిగిన ఒక కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒక్కరోజే 83 మంది మహిళలకు శస్త్రచికిత్సలు చేసి, మందులిచ్చి ఇళ్లకు పంపారు. తర్వాత వాంతులు, కడుపునొప్పితో పలువురు ఆసుపత్రుల పాలయ్యారు. పదిమందికి పైగా చనిపోయారు. ఇన్ఫెక్షన్ వల్లా, మాత్రల్లో విషపదార్థం కలవడం వల్లా అన్న వాదన నడిచింది.

మాత్రలో కల్తీ ఉంటే నర్సు కంటితో కనిపెట్టలేదు. కానీ రెండు మాటలు చెప్పి పంపగలదు. ఏ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా రావాలో ఒకటి. మాత్రలు అయిపోయినా అట్టను దాచిపెట్టమని రెండోది. దాని మీది బ్యాచ్ నంబరు ఉంటేనే అదే మందు ఇంకెవరికి చేరిందో వెతికే వీలుంటుంది. దుకాణంలో అట్టను కత్తిరించి నాలుగు మాత్రలే ఇస్తే ఆ నంబరు చాలాసార్లు రెండో ముక్క మీదే ఉండిపోతుంది. అప్పుడు నంబరు అడిగి బిల్లు మీద రాయించుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో 'హాని లేని ఔషధం' పేరుతో కార్యక్రమం చేపట్టింది. మందు మొదలుపెట్టేటప్పుడు, వేసుకునేటప్పుడు, కొత్తది చేర్చేటప్పుడు, సమీక్షించేటప్పుడు, ఆపేటప్పుడు రోగి ప్రశ్నలు అడగాలని అది సూచిస్తుంది. మన దేశంలో 2010లో మొదలైన జాతీయ ఔషధ నిఘా కార్యక్రమానికి మందుల దుష్ఫలితాలను రోగులు కూడా తెలియజేయవచ్చు. ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024.

ఆ పెద్దావిడ మరోసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, "మంగళవారం ఒక్కటే, నోట్లో పుండ్లు పడితే మాత్ర ఆపి వెంటనే రావాలి" అని తన నోటితో చెప్పగలిగితే, ఆమెకు మందు సరిగ్గా అందినట్టే.