మగపందికి అధిక ధర: దేనికి చెల్లించాలి?

మహబూబాబాద్ జిల్లా గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లో పందుల పెంపకానికి పెట్టుబడి పెట్టేవారు విత్తనపు మగపందిని బేరమాడేముందు ఒక చిన్న లెక్క వేసుకోవడం మంచిది. అన్ని గుణాలూ ఒకే మేరకు పిల్లలకు సంక్రమించవు.

ఈతలో పుట్టే పిల్లల సంఖ్యకు అనువంశికత సుమారు 10 శాతం మాత్రమే. ఎదుగుదలకు 30 శాతం వరకు, వీపు కొవ్వు మందానికి 40 శాతం వరకు ఉంటుంది. మిగిలినది చాలావరకు మేత, వసతి, ఆరోగ్యాల ఫలితం.

ఉదాహరణకు, మంద సగటు ఈతకు 8 పిల్లలు కాగా ఒక పంది 12 కన్నదనుకుందాం. ఆధిక్యం 4. అందులో పదోవంతు, అందులోనూ తల్లి వాటా సగం. అంటే కూతురి ఈతకు కలిసివచ్చేది 0.2 పిల్ల! అదే, ఒకే వయసు, ఒకే మేత గల తోటి పందులకంటే 20 కిలోలు ఎక్కువ తూగిన మగపంది వలన ప్రతి పిల్లకు సగటున 3 కిలోలు అదనం. పది పిల్లలకు 30 కిలోలు. కనుక అధిక ధర తూకానికే చెల్లించాలి.

పిల్లల సంఖ్య పెరగడానికి సంకరమే దగ్గరి దారి. 1970-71లో ప్రారంభమైన అఖిల భారత పందుల పరిశోధన పథకం కింద తిరుపతి కేంద్రం 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్, 25 శాతం నాటు రక్తంతో టి-17 సంకరాన్ని రూపొందించింది.

అయితే తొలి తరం సంకర పందులను తమలో తాము కలిపితే సంకర బలంలో సగం పోతుంది. మగపందిని దాని కూతుళ్లతోనే కలిపితే ఈతలు చిన్నవై, పిల్లల మరణాలు పెరుగుతాయి. కూతుళ్లు ఎదకు రాకముందే దానిని అమ్మి, వేరొక మందనుంచి మరొకటి తేవడం లాభదాయకం.