ఆగిన కుళాయి తిరిగి పారునప్పుడు

చలిదేశములలో శీతకాలము వచ్చినదనిన విద్యాలయముల అధికారులకు మొదటి చింత నీటి గొట్టములను గురించియే. నీరు గడ్డకట్టునప్పుడు దాని ఘనపరిమాణము సుమారు నూటికి తొమ్మిది వంతులు పెరుగును. ఆ ఒత్తిడికి ఇనుప గొట్టము సహితము పగులును. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున మంచుతుపాను వీచినప్పుడు ఇట్లే జరిగినది. గొట్టములు పగిలినవి, విద్యుచ్ఛక్తి లేక నీటి యంత్రములు నిలిచిపోయినవి. కుళాయినీటిని కాచి మాత్రమే త్రాగవలెనని కోటిమందికి పైగా ప్రజలకు హెచ్చరికలు వెలువడినవి.

శుద్ధిచేసి పంపిన నీటిని మరల కాచనేల? గొట్టములలో పీడనము పడిపోవుటయే దీనికి కారణము. ఈ కారణము చలిదేశములకే పరిమితమైనది కాదు.

హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 సెంటిగ్రేడు డిగ్రీలు. అది 1946 జనవరినాటి మాట. కావున గొట్టములలో నీరు గడ్డకట్టునను భయము మనకు లేదు. కాని నీరు ఆగుట మనకు నిత్యానుభవము. పాతనగరమునకు ఒకప్పుడు, ఇరువదియొక్క కమానుల ఆనకట్ట గల మీర్ ఆలం చెరువు నీరిచ్చినది. 1908 నాటి మూసీ వరదల పిమ్మట విశ్వేశ్వరయ్యగారు సూచించిన ప్రణాళికను అనుసరించి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వెలసినవి. 2004 నుండి కృష్ణానీరు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి వచ్చుచున్నది. ఇంత దూరపు గొట్టములో ఒకచోట మరమ్మతు జరిగినను ఎన్నో పేటలకు నీరు నిలిచిపోవును. మామూలు దినములలోనైనను పెక్కు పేటలకు దినము విడిచి దినము, అదియు కొలది గంటలు మాత్రమే, నీరు వచ్చును.

గొట్టము నిండుగా ప్రవహించునప్పుడు లోపలి పీడనము బయటి పీడనముకంటె ఎక్కువ. గొట్టమునకు ఎక్కడైన చిల్లు ఉన్నచో నీరు బయటికి పోవునే కాని, బయటి మాలిన్యము లోనికి రాదు. అనగా పీడనమే నీటికి కావలి. నీరు ఆగినప్పుడు గొట్టములో మిగిలిన నీరు పల్లమునకు జారిపోవును. మిట్టనున్న భాగములో పీడనము వాయుపీడనముకంటె తగ్గును. ఆ చోట చిల్లు ఉండి, ప్రక్కనే మురుగు నిలిచియున్నచో, ఆ మురుగు లోనికి పీల్చబడును.

దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. పొడవైన రబ్బరు గొట్టము నడుమ సూదితో కొన్ని రంధ్రములు చేయుడు. బల్లమీద సిరా కలిపిన నీటి పళ్ళెరముంచి, రంధ్రములున్న భాగమును అందులో ముంచుడు. గొట్టము ఒక కొనను ఎత్తుననున్న బకెట్టులో ముంచి, గొట్టమునిండ నీరు పారనిచ్చి, నేలకు వ్రేలాడు రెండవ కొనను వ్రేలితో మూయుడు. మంచినీరు రంధ్రములగుండ పళ్ళెరములోనికి పోవును. ఇప్పుడు పైకొనను నొక్కి మూసి క్రిందికొనను తెరువుడు. కొంతసేపటికి సిరానీరు క్రిందికొననుండి కారును.

సిరాకు బదులు మురుగైనప్పుడు ఏమగునో భోలక్‌పూర్ వాసులకు తెలియును. 2009 మే మాసములో ఆ పేటలో త్రాగునీటిలో మురుగు కలియుటచే వాంతులు, భేదులు ప్రబలి పలువురు మరణించిరి.

చార్మినారుకు కొలది దూరముననున్న హుస్సేనీ ఆలంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల కలదు. ఇరుకు సందులు, ప్రక్కప్రక్కనే త్రాగునీటి గొట్టములు, మురుగు కాలువలు గల ఇట్టి పేటలలోని ఏ విద్యాలయమునకైనను ఈ క్రింది జాగ్రత్తలు అవసరము.

మొదటిది: ఆగిన నీరు తిరిగి వచ్చినప్పుడు తొలిధారను సంపులోనికి పోనీయరాదు. నీరు తేటపడువరకు బయటికి వదలవలెను. మురుగు వాసన ఉన్నచో ఆ నీటిని మందుతో బాగుచేయ ప్రయత్నింపక జలమండలికి తెలుపవలెను.

రెండవది: తేటగానున్న వెయ్యి లీటర్ల నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు రెండున్నర గ్రాములు చాలును. దానిని కొద్ది నీటిలో కలిపి, సున్నము అడుగుకు దిగిన పిమ్మట, పైతేటను మాత్రమే పోయవలెను. ఒక గంట ఆగవలెను. చలిలో రసాయన చర్యలు మందగించును గనుక శీతకాలపు ఉదయములందు ఇంకను ఎక్కువసేపు ఆగుట మేలు. అనుమానమున్నచో త్రాగునీటిని ఒక నిమిషము తెర్లకాచవలెను. బ్లీచింగ్ పౌడరును మరుగుదొడ్లు కడుగు ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడును.

మూడవది: నీరు లేని దినమున రసాయన ప్రయోగశాలలో తరగతులు జరుపరాదు. చర్మముపై ఆమ్లము పడినచో కనీసము పదునైదు నిమిషములు పారు నీటితో కడుగవలెను. స్వేదనము జరుగుచుండగా చల్లబరచు నీరు ఆగినచో, మండు స్వభావముగల ఆవిరులు గదిలో వ్యాపించి అగ్నిప్రమాదము సంభవింపవచ్చును.

నాలుగవది తరచు ఎవరును పైకి చెప్పని విషయము. మరుగుదొడ్లలో నీరు లేదని తెలిసిన విద్యార్థినులు ఉదయమునుండి నీరు త్రాగుట మానుదురు. చలికాలములో దప్పిక తక్కువగుటచే ఇది మరింత సులభముగా అలవాటగును. మూత్రమును గంటలకొలది ఆపుకొనుటవలన మూత్రకోశములో సూక్ష్మజీవులు పెరిగి జ్వరము, మంట కలుగును. కావున త్రాగునీటితోపాటు మరుగుదొడ్లకు కూడ ప్రత్యేకముగా నీరు నిలువయుంచవలెను. ఆ నీరు లేనప్పుడు తరగతులను కుదించి, విద్యార్థినులను వేళకు ముందే ఇండ్లకు పంపుట మేలు. నిలువయుంచిన పీపాలకు మూతలుండవలెను. వారమునకొకసారి ఖాళీచేసి గోడలను రుద్ది కడిగినచో డెంగ్యూ దోమకు తావుండదు.

ఐదవది వేడినీటికి సంబంధించినది. నీరు కొరతగానున్నప్పుడు బకెట్టును సగమే నింపి విద్యుత్ కడ్డీని పెట్టుట కలదు. గుర్తువరకు నీరు లేనిచో కడ్డీ కాలిపోవును. విద్యుత్తును ఆపనిదే ఆ నీటిని తాకరాదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఉంచుకొని నిద్రించుట మరింత ప్రమాదకరము. దానినుండి వచ్చు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుగాని వాసనగాని లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ఆమ్లజనికంటె రెండువందల రెట్లకు పైగా బలముగా దానిని పట్టుకొనును. కాపలావారి గదియందును, వసతిగృహమునందును ఈ విషయము తెలుపవలెను.

ఉపాధ్యాయులు పై ప్రయోగమును చేసి చూపిన పిమ్మట విద్యార్థులను తరగతి గదినుండి బయటకు తీసికొనిపోవలెను. తమ విద్యాలయమునకు నీరు తెచ్చు గొట్టము ఏ వైపునుండి వచ్చుచున్నదో, మురుగు కాలువకు అది ఎంత దూరముననున్నదో, సంపుమూత సరిగా అమరుచున్నదో లేదో వారిచేతనే కొలిపించి వ్రాయింపవలెను. లోపము కనిపించినచోట మరమ్మతు చేయించుటకు నీరు ఆగు దినము వరకు వేచియుండ పనిలేదు.