సైకిలు ఇరుసు – ఎదురుమర

కోనసీమ సైకిలునకు అనువైన నేల. గుట్ట లేదు, మిట్ట లేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట విస్తరిల్లిన కాలువల గట్లే పల్లెలకు బాటలైనవి. అయితే నీరు, ఒండ్రు, ఉప్పుగాలి సైకిలునకు పగవారు. పెడళ్ళ నడిమి ఇరుసు వాని వాత బడును.

ఆ యిరుసు రెండు గిన్నెల నడుమ ఉక్కుగుండ్లపై తిరుగును. గ్రీజు కడుగుకొనిపోయిన గుండ్లు త్రుప్పుపట్టి గిన్నెలు గంట్లుపడును. త్రొక్కినప్పుడెల్ల ‘టక్కు టక్కు’మను చప్పుడు వినవచ్చును. పెడలుచేతిని పట్టి ప్రక్కలకు కదపిచూచినచో వదులు తెలియును.

కాటరుపిన్నులు తీసి పెడలుచేతులను ఊడదీసిన పిమ్మట అసలు పరీక్ష. ఎడమప్రక్క గిన్నెది మామూలు మర. అపసవ్యముగ త్రిప్పిన ఊడివచ్చును. గొలుసుప్రక్క గిన్నెది ఎదురుమర. సవ్యముగ త్రిప్పిననే వదలును. ఏల? కుడివైపునుండి చూచువారికి ఇరుసు సవ్యముగ తిరుగును. ఆ ఒత్తిడికి గిన్నె అపసవ్యముగ మెల్లమెల్లగ జరుగజూచును. మామూలు మరయైనచో నడచినకొలది వదులగును. ఎదురుమర గనుక నిలుచును.

ఇది యెరుగక బలము చూపుట ప్రమాదము. గిన్నె చెడిన క్రొత్తది దొరకును; చట్రములోని మర చెడిన బండికే ముప్పు. ఇటలీ పద్ధతి బండ్లలో రెండు వైపులను మామూలు మరయే. కనుక ముందు బండి జాతి తెలిసికొనవలెను. నేటి సైకిళ్ళు పెక్కింటిలో గుండ్లు మూసిన గొట్టముననుండును. అరిగినచో గొట్టము నంతయు మార్తురు.

సవ్యాపసవ్యములను నల్లబల్లపై బోధించు ఉపాధ్యాయులు, ఒక పాత గిన్నెను పిల్లల చేతికిచ్చి త్రిప్పింతురు గాక!