చదివింది సరైందేనా... చూసుకున్నారా?

మనిషి కణంలో క్రోమోజోములెన్ని? పదో తరగతి పిల్లలైనా ఠక్కున 46 అనేస్తారు. కానీ ఒకప్పుడు పుస్తకాల్లో ఉన్న జవాబు 48! థియోఫిలస్ పెయింటర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1923లో ఇచ్చిన లెక్క అది. మూడు దశాబ్దాలకు పైగా అందరూ దాన్నే చదివారు, దాన్నే రాశారు. 1955 చివర్లో స్వీడన్‌లో జో హిన్ టిజియో మళ్లీ లెక్కపెడితే 46 తేలాయి. ఆల్బర్ట్ లెవాన్‌తో కలిసి ఆయన ఆ సంగతిని 1956లో ప్రచురించారు.

అచ్చులో ఉన్నంత మాత్రాన ఆఖరి మాట కాదన్నమాట. బీడీఎస్ సీటు కోసం నీట్‌కు చదివేవాళ్లు ఈ కథను గుర్తుపెట్టుకోవాలి.

ఇంటి దగ్గర చదువుకుంటే...

ఎర్రుపాలెంలో ఇంటర్ బైపీసీ పూర్తిచేసి, ఇంటి దగ్గరే నీట్‌కు సిద్ధమవుతున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. రైలెక్కితే ఒకవైపు ఖమ్మం, ఇంకోవైపు విజయవాడ. కోచింగ్‌లన్నీ అక్కడే. ఈమె చేతిలో ఉన్నవి సీనియర్ అక్క ఇచ్చిన పాత పుస్తకాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు, ఫోన్‌లో వీడియోలు. ఒకే ప్రశ్నకు మూడుచోట్ల మూడు జవాబులు. అడుగుదామంటే పక్కన సార్ లేరు. ఏది నమ్మాలి?

ఇది చిన్న విషయమేం కాదు. నీట్ 720 మార్కుల్లో 360 బయాలజీవే. ఒప్పయితే 4 మార్కులు వస్తాయి, తప్పయితే 1 పోతుంది. అంటే ఒక్క తప్పుతో 5 మార్కుల తేడా. ఇద్దరికి సమాన మార్కులొస్తే ముందుగా చూసేదీ బయాలజీ మార్కులనే. ప్రభుత్వ కళాశాలలో చేరతామా, ఫీజు ఎక్కువున్న సీటుకు అప్పు చేస్తామా అన్నది అలాంటి ఒకటి రెండు ప్రశ్నల దగ్గరే తేలిపోవచ్చు.

పళ్ల పాఠమే లేదు!

ముందుగా చూడాల్సింది సిలబస్. నీట్-2024 నుంచి సిలబస్ మారింది. 'జీర్ణక్రియ, శోషణ' అధ్యాయాన్ని తీసేశారు. పాలపళ్లు 20, శాశ్వత దంతాలు 32, దంత సూత్రం 2123/2123... ఇవన్నీ ఉండే పాఠం అదే. పళ్ల డాక్టర్ కావాలనుకునేవాళ్ల పరీక్షలో పళ్ల పాఠం లేదన్నమాట! మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, పర్యావరణ సమస్యలు కూడా పోయాయి. పాత పుస్తకం పట్టుకుని వీటి మీద వారాలు ఖర్చుచేస్తే ఆ సమయం తిరిగి రాదు. ఎన్‌టీఏ సైట్లో ఆ ఏడాది సిలబస్ ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి గోడకు అంటించుకోండి. పుస్తకం తెరిచేది ఆ తర్వాతే.

రెండు జవాబులుంటే?

మనిషిలో జన్యువులెన్ని? ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం 30,000 అని అంచనా చెబుతుంది. ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000 అన్నది ఇప్పటి శాస్త్రం మాట. ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందితే 38 ఏటీపీలని అదే ఎన్‌సీఈఆర్‌టీ అంటే, కొత్త జీవరసాయన పుస్తకాలు 30-32 అంటాయి.

ఇలాంటి చోట నోట్సులో రెండు గళ్లు గీయండి. ఒకదానిలో 'పరీక్షకు', రెండోదానిలో 'అసలు విషయం' అని రాయండి. ఓఎంఆర్ షీట్‌లో దిద్దేది మొదటి గడిలో ఉన్నదాన్నే. రెండోది రేపు కళాశాలలో పనికొస్తుంది.

పాత ఎడిషన్ తెచ్చిన తంటా

ఇది బయాలజీ కాదు కానీ పాఠం మాత్రం మనకే. నీట్-2024 ఫిజిక్స్‌లో పరమాణువుల మీద ఒక ప్రశ్న వచ్చింది. పాత ఎన్‌సీఈఆర్‌టీ చదివినవాళ్లకు ఒక జవాబు, కొత్తది చదివినవాళ్లకు ఇంకో జవాబు. ఎన్‌టీఏ రెండింటికీ మార్కులిచ్చింది. గొడవ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు చెప్పినమీదట ఐఐటీ దిల్లీ నిపుణులు ముగ్గురు పరిశీలించి, ఒక్కటే సరైందని తేల్చారు. దాంతో 4 లక్షల మందికి పైగా మార్కులు తగ్గాయి. 720కి 720 వచ్చినవాళ్లు 61 మంది నుంచి 17కు పడిపోయారు.

అందుకే అట్ట తిప్పి ముద్రణ సంవత్సరం చూడండి. సీనియర్ల పుస్తకాలు వాడితే తప్పులేదు. ఎన్‌సీఈఆర్‌టీ సైట్లో కొత్త పుస్తకాల పీడీఎఫ్‌లు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని దించుకుని, మారిన వాక్యాలను పాత పుస్తకంలోనే పెన్సిల్‌తో దిద్దుకుంటే సరి.

తెలుగు మాటతో జాగ్రత్త

తెలుగు మీడియం వాళ్లకు ఇంకో చిక్కుంది. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లేది 'యురెటర్'. మూత్రాశయం నుంచి బయటికి వచ్చేది 'యురెత్రా'. మాట్లాడేటప్పుడు రెండింటినీ మూత్రనాళం అనేస్తాం. మైటాసిస్, మియోసిస్ దగ్గరా ఇదే తడబాటు. నీట్ తెలుగులో రాసినా, అనువాదంలో సందేహమొస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రామాణికం. కాబట్టి ప్రతి తెలుగు పదం పక్కన ఇంగ్లిష్ పేరును తెలుగు అక్షరాల్లోనైనా రాసుకుని పలకడం అలవాటు చేసుకోండి.

రోజూ ఇలా చేయండి

* సందేహం రాగానే ఫోన్ అందుకోవద్దు. ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టండి. రాత్రి అరగంట అన్నింటినీ కలిపి చూసుకోండి.
* మొదట ఎన్‌సీఈఆర్‌టీ, తర్వాత తెలుగు అకాడమీ పుస్తకం, చివరికి వీడియో. ఈ వరుస మార్చొద్దు.
* జవాబు దొరికాక పుస్తకం పేరు, పేజీ నంబరు రాయండి. పేజీ నంబరు లేని జవాబును ఇంకా తేలనిదిగానే లెక్కపెట్టుకోండి.
* 'అన్నీ', 'మాత్రమే', 'తప్ప' అనే మాటల కింద గీత గీయండి. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో మెలిక అక్కడే ఉంటుంది.
* అరగంటలో తేలనివాటిని వారానికోసారి కాలేజీ లెక్చరర్ దగ్గరికి తీసుకెళ్లండి. 'ఈ పేజీలో ఇలా ఉంది సార్, ఇది కరెక్టేనా?' అని అడిగితే ఎవరూ విసుక్కోరు.

పరీక్ష అయ్యాక కూడా ఈ నోట్సుతో పనుంటుంది. ప్రాథమిక కీ వచ్చినప్పుడు ఒక్కో ప్రశ్నకు రూ.200 కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. నాకు అలా గుర్తుంది అంటే అక్కడ కుదరదు. ఏ పుస్తకం, ఏ పేజీ అన్నది చూపించగలగాలి.

రేపు బీడీఎస్‌లో చేరి, నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తిచేశాక మీ ముందు కుర్చీలో ఒక మనిషి నోరు తెరిచి కూర్చుంటాడు. ఏ పన్ను తీయాలో ఎక్స్‌రేతో ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాల్సింది మీరే. ఆ అలవాటు కళాశాలలో మొదలవ్వాలని లేదు. ఇవాళ రాత్రి, మీ ఇంట్లో, ఒక పేజీ నంబరు రాయడంతోనే మొదలుపెట్టొచ్చు.