యుద్ధపురోగతి గణనము - హేత్వాభాస విచారము

యుద్ధము నడపు ప్రభుత్వమునకు రెండు పనులు తప్పవు. జయము సమీపించుచున్నదో లేదో తాను తెలిసికొనుట మొదటిది. ప్రజలకు తెలుపుట రెండవది. మొదటిది ప్రమాణవిషయము, రెండవది ప్రఖ్యాపనవిషయము. ఈ రెండింటిని ఒకే సంఖ్యతో నిర్వహింపబూనినచో కలుగు అనర్థమును, వియత్నాము యుద్ధము నిదర్శనముగా, తర్కశాస్త్ర పరిభాషలో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

రెండవ ప్రపంచయుద్ధమున సేనలు సాగిన దూరమును పటముపై చూచి పురోగతిని నిర్ణయించుట సాధ్యమయ్యెను. వియత్నామున నియతమైన యుద్ధరేఖ లేదు. పగలు ప్రభుత్వాధీనమైన పల్లె రాత్రి తిరుగుబాటుదారుల వశమగుచుండెను. కావున 1961 నుండి 1968 వరకు అమెరికా రక్షణమంత్రిగా నుండిన రాబర్ట్ మెక్‌నమారా కాలమున సంఖ్యలే ప్రధానసాధనము లయ్యెను. శత్రువు భర్తీ చేసికొనగలిగిన వారికంటె మృతులు అధికమగు దశకై సేనాధిపతి వెస్ట్‌మోర్‌లాండ్ ఎదురుచూచెను. దానికి కొలబద్ద శత్రుశవముల లెక్క. 1967లో పల్లెల భద్రతను కొలుచు పద్ధతియు మొదలయ్యెను. అమెరికా సలహాదారులు ప్రతిమాసము 18 అంశములపై పత్రములు పూరింపగా, పల్లెలకు 'ఏ' మొదలు 'ఇ' వరకు శ్రేణులు నిర్ణయించి, కంప్యూటరుతో క్రోడీకరించెడివారు.

ఇందలి అనుమానప్రకార మిది: యుద్ధము పక్షము, ఆసన్నజయత్వము సాధ్యము, శత్రుమృతుల ఆధిక్యము హేతువు. ఈ హేతువున మూడు దోషములు కనబడుచున్నవి.

మొదటిది అసిద్ధి. హేతువు పక్షమునందు నిజముగా నుండవలెను. లెక్కించు అధికారి పదోన్నతి ఆ లెక్కపైననే ఆధారపడినప్పుడు హేతుసిద్ధి సందిగ్ధమగును. 1968 డిసెంబరు మొదలు 1969 మే వరకు మెకాంగ్ నదీముఖభూమిలో జరిగిన దాడులలో 10,800 మందికి పైగా శత్రువులు హతులైరని ప్రకటించిరి. చిక్కిన ఆయుధములు మాత్రము 748. మృతులలో 5,000 నుండి 7,000 మంది సామాన్య పౌరులై యుందురని 1972లో ఆ సైన్యపు అంతరంగిక పరిశీలనమే అంచనా వేసెను. అనగా హేతువుగా చూపబడిన సంఖ్యలో చాల భాగము నిరపరాధుల మరణమే. యుద్ధమున పాల్గొన్న సైన్యాధ్యక్షుల నడిగి డగ్లస్ కిన్నార్డ్ 1977లో ప్రకటించిన గ్రంథము ప్రకారము, 61 శాతము మంది ఆ లెక్కలు తరచు పెంచబడినవనిరి. వానిని సరియైన కొలమానముగా నంగీకరించినవారు 2 శాతమే.

రెండవది వ్యభిచారము. లెక్క సత్యమే యనుకొన్నను, హేతువున్నచోట సాధ్యము ఉండి తీరవలెను గదా. ఉత్తర వియత్నాము నాయకులు ఎంత నష్టమైనను భరించుటకు సిద్ధపడిరి. శత్రువు సంకల్పము క్షీణించుట యిచట ఉపాధి. అది లేనిచో మృతుల సంఖ్య యెంత పెరిగినను జయము సిద్ధింపదు.

మూడవది బాధ. 1967 నవంబరు 21న వెస్ట్‌మోర్‌లాండ్ యుద్ధాంతము కనుచూపుమేరకు వచ్చుచున్నదని ప్రకటించెను. 1968 జనవరి చివర, టెట్ పండుగవేళ, నూరుకు పైగా పట్టణములపై దాడులు జరిగెను. సైగానులోని అమెరికా రాయబార కార్యాలయము సైతము తప్పించుకొనలేదు. దాడిచేసినవారు మిక్కిలి నష్టపోయిరి. అయినను వెనుకటి అనుమానము ప్రత్యక్షముచే బాధితమయ్యెను; ప్రజల విశ్వాసము సడలెను.

ప్రమాణాంతరము లేకపోలేదు. శత్రుబలము సైన్యము చెప్పినదానికంటె చాల అధికమని 1967లోనే గూఢచార సంస్థ విశ్లేషకులు వాదించిరి. కాని ఆ యేటి తుది అంచనాలో గ్రామరక్షకదళములను మొత్తమునుండి తొలగించి సంఖ్యను తగ్గించిరి. పెద్దసంఖ్య వెలువడినచో ప్రజలేమనుకొందురో అను శంక అందు పనిచేసెను. ప్రఖ్యాపనము ప్రమాణమును శాసించిన ఘట్ట మిదియే.

కౌటిల్యు డీ రెండింటిని వేరుపరచెను. అర్థశాస్త్రము మొదటి అధికరణమున చారులు ఒకరినొకరు ఎరుగరాదనియు, మువ్వురి మాట ఏకమైనప్పుడే నమ్మవలెననియు విధించెను. పదుమూడవ అధికరణమున, విజిగీషువు తన సర్వజ్ఞత్వమును దైవసాన్నిధ్యమును చాటి స్వపక్షమును ఉత్సాహపరుపవలెననెను. ఆయన ప్రఖ్యాపనమును నిషేధింపలేదు. కాని రాజు తన చాటింపును తానే ప్రమాణముగా గొనుటకు ఆ శాస్త్రమున తావులేదు.

ప్రజాప్రభుత్వమున నిర్ణయాధికారము ప్రజలది గనుక వారికిని ప్రమాణమే కావలయును. యుద్ధసంఖ్య వెలువడినప్పుడు లెక్కించినవా డెవడు, ఆ లెక్కవలన వానికి లాభమేమి, దానితో ఏకీభవించు స్వతంత్రసాక్ష్య మేది అని అడుగుట తర్కము చదివిన మన విద్యార్థులకు అలవడవలెను. హేత్వాభాస ప్రకరణము బోధించునపుడు పర్వతమును, పొగను చూపిన పిదప ఇట్టి ఉదాహరణమును గూడ చూపుట మేలు.