ఇల్లు అమ్మితే తలుపులు ఎవరివి?

పుదుచ్చేరి పాత ఇళ్ల బేరాల్లో తేలని కలప లెక్క

పుదుచ్చేరి: ఈ పట్టణంలో పాత ఇల్లు చేతులు మారేటప్పుడు బేరం తరచు రెండు పాయలుగా సాగుతుంది. ఒకటి స్థలానికి, రెండవది ఆ ఇంటిలోని కలపకు. టేకు స్తంభాలు, చెక్కడపు పనితో కూడిన సింహద్వారం, పైకప్పును మోసే దూలాలు, ఇత్తడి గుబ్బలు, పాతకాలపు తాళాలు మొదలైనవన్నీ ఇంటితో పాటు కొన్నవారికి చెందుతాయా, లేక అమ్మినవారు విప్పుకొని పోవచ్చునా అన్న ప్రశ్న బయానా ఇచ్చిన రోజున చాలామందికి తట్టదు. తాళం చెవులు పుచ్చుకుని ఇంటికి వెళ్లిన రోజున తడుతుంది. అప్పటికి గుమ్మానికి తలుపే లేకపోతే వివాదం కోర్టుకెక్కుతుంది.

ఇటువంటి తగాదాలు అన్ని ఊళ్లలోనూ ఉన్నవే. హైదరాబాదులోనో, విజయవాడలోనో ఫ్లాటు అమ్మినవారు ఏసీ యంత్రాలను, గీజరును, వంటగది అల్మారాలను తీసుకుపోయారని కొన్నవారు ఆరోపించడం కొత్త కాదు. అయితే అక్కడ పోయిన వస్తువును బజారులో మళ్లీ కొనుక్కోవచ్చు. పుదుచ్చేరి పాత ఇంటి విషయంలో ఆ వీలు లేదు. ఇక్కడ విప్పి తీసుకుపోయేది చాలావరకు ఇంటి సామాను కాదు, ఇల్లే.

స్తంభం తీస్తే ఇల్లేదీ?

ఫ్రెంచివారి పాలనలో పుదుచ్చేరి ఒక కాలువకు అటూ ఇటూ రెండు పేటలుగా పెరిగింది. సముద్రం వైపు ఫ్రెంచి పేటలో ఎత్తయిన ప్రహరీలు, కమాను ద్వారాలు, చెక్క రెక్కల కిటికీలు కనిపిస్తాయి. కాలువకు పడమట తమిళ పేటలో వీధి వైపు అరుగు, దానిపై కర్ర స్తంభాలు మోసే చూరు, లోపల మండువా ఉంటాయి. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లను ఎరిగినవారికి ఈ ఇళ్లు పరాయివిగా తోచవు.

ఈ ఇళ్లలో కలప కేవలం అలంకారం కాదు. మిద్దెలు చాలావాటికి మద్రాసు టెర్రస్ పద్ధతిలో వేసిన కప్పులే. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను సున్నంతో పేర్చి, పైన గచ్చు వేసేవారు. కస్తూరి రంగకవి రచించిన తెలుగు లక్షణ గ్రంథం 'ఆనందరంగరాట్ఛందము'ను అంకితం పొందిన ఆనందరంగ పిళ్లై 18వ శతాబ్దంలో ఇక్కడ ఫ్రెంచి గవర్నరు డూప్లే వద్ద దుబాసీ. ఆయన భవనం నేటికీ ఉంది. దానిలో కింది అంతస్తును చెక్కడపు కర్ర స్తంభాలు మోస్తుండగా, పై అంతస్తులో ఫ్రెంచి తరహా కట్టుబడి స్తంభాలు నిలిచి ఉన్నాయి. ఇటువంటి ఇంట స్తంభాన్ని సామానుగా లెక్కించడమంటే పై అంతస్తును గాలిలో నిలబెట్టడమే.

చట్టం చెప్పేది

ఈ విషయంలో చట్టం మౌనంగా ఏమీ లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షను ఇంటి అమ్మకాన్ని పేరు పెట్టి ప్రస్తావించింది. విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు ఇంటితో పాటు దాని తాళాలు, తాళం చెవులు, అడ్డుగడియలు, తలుపులు, కిటికీలు, ఇంటితో శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చిన ఇతర వస్తువులు అన్నీ కొన్నవారికే సంక్రమిస్తాయని ఆ సెక్షను సారాంశం. పుదుచ్చేరికే కాక ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కూడా ఇదే చట్టం వర్తిస్తుంది.

భూమికి అంటిపెట్టుకొని ఉన్నవి ఏవో 3వ సెక్షను మూడు తరగతులుగా విడదీసింది. నేలలో వేళ్లూనిన చెట్టుచేమలు మొదటి తరగతి. నేలలో పాతుకొని నిలిచిన గోడలు, కట్టడాలు రెండవది. ఆ కట్టడాన్ని శాశ్వతంగా అనుభవించడం కోసం దానికి తగిలించినవి మూడవది. ఈ లెక్కన మండువాలో కట్టిన తులసి కోట ఇంటిలో భాగం. కుండీలోని మొక్క అమ్మినవారిది. పెరటి కొబ్బరిచెట్టు కొన్నవారిది. ఉయ్యాల బల్ల కోసం దూలానికి బిగించిన కొక్కేలు ఇంటివి. గొలుసులతో సహా దించుకోగల బల్ల ఎవరిదో ముందుగా మాట్లాడుకోవడం మేలు. దేవుని పటాలు, మంచాలు, బీరువాల విషయంలో పేచీ లేదు. అవి అమ్మినవారి వెంట పోతాయి.

అంతేకాదు, 55వ సెక్షను ప్రకారం ఒప్పందం కుదిరిన నాటి నుంచి స్వాధీనం చేసే నాటి వరకు అమ్మేవారు ఆ ఆస్తిని వివేకవంతుడైన యజమాని మాదిరిగా కాపాడవలసి ఉంటుంది. అంటే అగ్రిమెంటు రాసుకున్న తరువాత రాత్రికి రాత్రి తలుపులు ఊడదీయించడం ఈ బాధ్యతకు విరుద్ధం. అమ్మకం తేదీ వరకు చెల్లించవలసిన ప్రభుత్వ పన్నులు కూడా, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మినవారి మీదనే పడతాయి.

అద్దెకున్నవారి సంగతి వేరు. 108వ సెక్షను ప్రకారం కౌలుదారు తాను బిగించుకున్న వస్తువులను తన స్వాధీనంలో ఉండగా తీసుకుపోవచ్చు. ఆస్తిని తనకు అప్పగించిన స్థితిలోనే తిరిగి అప్పగించాలన్నది షరతు. అందువల్ల అద్దెదారు ఉన్న ఇంటిని కొనేవారు ఏ వస్తువు యజమానిదో, ఏది అద్దెదారుదో విచారించుకోవలసి ఉంటుంది.

ఫ్రెంచి న్యాయం కూడా ఇదే

పుదుచ్చేరిలో ఈ చట్టం మొదటి నుంచీ లేదు. 1819 జనవరి 6 నాటి ఉత్తర్వుతో ఇక్కడ ఫ్రెంచి న్యాయసంహితలు అమలులోకి వచ్చాయి. స్థానికుల ఆచార వ్యవహారాలకు ఆ ఉత్తర్వు గుర్తింపునిచ్చింది. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి స్థిరాస్తిని మరింత సూక్ష్మంగా నిర్వచించింది. గోడ చెక్కపనిలో కలిసిపోయిన అద్దాలను, విగ్రహం కోసం ప్రత్యేకంగా కట్టిన గూటిలో ఉంచిన విగ్రహాన్ని కూడా అది స్థిరాస్తిగానే పరిగణించింది. పగలగొట్టకుండా విగ్రహాన్ని తీయగలిగినా సరే, గూడు దాని కోసమే కట్టింది కనుక అది గూటిదే. ఇంటి తాళం చెవులు గాని, హక్కు పత్రాలు గాని ఇవ్వడంతో అప్పగింత పూర్తయినట్లేనని కూడా ఆ స్మృతి చెప్పింది.

1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న చట్టబద్ధమైన విలీనం జరిగింది. తెలుగువారి యానాం కూడా ఈ ప్రాంతంతో పాటే భారతదేశంలో కలిసింది. 1968లో పార్లమెంటు చేసిన విస్తరణ చట్టంతో ఆస్తి బదిలీ చట్టం ఇక్కడికి వచ్చింది. చట్టం మారినా సూత్రం మారలేదు. ఇంటి కోసం శాశ్వతంగా అమర్చినది ఇంటితోనే ఉండాలన్నది ఫ్రెంచివారి మాట, ఆంగ్లేయుల చట్టం మాట కూడా.

ఫ్రెంచి పాలన మిగిల్చిన మరొక చిక్కు దస్తావేజులది. పాత ఇళ్ల హక్కు పత్రాలు ఫ్రెంచి భాషలో ఉండడం ఇక్కడ సామాన్యం. చదవడం రాని కాగితమని వాటిని అటకమీద వదలివేయడం గాని, జ్ఞాపికగా అమ్మినవారు తీసుకుపోవడం గాని పొరపాటు. పూర్తి సొమ్ము ముట్టిన తరువాత తన వద్ద ఉన్న హక్కు పత్రాలన్నీ అప్పగించడం అమ్మినవారి విధి. ఆస్తిలో కొంత భాగాన్ని అట్టే పెట్టుకున్నప్పుడు మాత్రం పత్రాలను ఉంచుకొనే హక్కు వారికి ఉంటుంది.

కోర్టుల కొలబద్ద

ఒక వస్తువు స్థిరమా, చరమా అన్నది మేకులు ఎంత లోతుగా దిగాయన్న దానిని బట్టి మాత్రమే తేలదు. ఎందుకు బిగించారన్నది ముఖ్యం. 1974లో ప్రచురితమైన ఒక తీర్పులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు టూరింగ్ సినిమా యంత్ర సామగ్రిని, ఆయిల్ ఇంజనును చరాస్తిగానే నిర్ణయించింది. సిర్పూరు పేపరు మిల్లుకు చెందిన ఎక్సయిజు వివాదంలో కాగితం యంత్రం కాంక్రీటు దిమ్మెకు బిగించి ఉన్నా, అది కదలకుండా పనిచేయడానికే తప్ప నేలలో భాగం కావడానికి కాదని సుప్రీంకోర్టు భావించింది. ఈ తీర్పు 1998లో ప్రచురితమైంది.

దీనికి భిన్నమైన ఫలితం ఉత్తరప్రదేశ్‌లోని ఒక ఎరువుల కర్మాగారం కేసులో వచ్చింది. కర్మాగారాన్ని అమ్ముతూ యంత్రాలను చరాస్తిగా చూపగా, శాశ్వతంగా నడపడానికి నేలలో నిలిపినవి కనుక స్టాంపు డ్యూటీ లెక్కలో అవి స్థిరాస్తేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2000 సంవత్సరంలో ప్రచురితమైన ఈ తీర్పు ఇళ్లు అమ్మేవారికి కూడా హెచ్చరికే. డ్యూటీ తగ్గించుకోవడానికి తలుపులను, స్తంభాలను 'ఫర్నిచరు'గా చూపి విడి ధర కట్టడం ప్రమాదకరం.

కలపకు ఎందుకీ గిరాకీ?

పాత కలప విలువ పెరగడానికి కారణాలు పుదుచ్చేరికి వెలుపల ఉన్నాయి. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశంలో అడవుల నరికివేతకు కళ్లెం వేసింది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ ప్రభుత్వం ముడి దుంగల ఎగుమతిని నిషేధించింది. బర్మా టేకు దుంగ రావడం దుర్లభమయ్యాక నూరేళ్లు ఎండలకు, వానలకు ఆరితేరిన దూలం బంగారమైంది. తమిళనాడులోని కారైకుడిలో చెట్టినాడు భవనాల నుంచి వచ్చిన తలుపులు, స్తంభాలు అమ్మే దుకాణాలతో ఒక బజారే వెలసింది. కొత్తగా కట్టే హోటళ్లకు, బంగళాలకు పాతదనం కావాలి. ఆ పాతదనం మరొక ఇంటి నుంచి రావలసిందే.

ఈ వ్యాపారానికీ చట్టపు హద్దులున్నాయి. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం నూరేళ్లకు తగ్గని వయసు గల పురావస్తువుల కోవలో కట్టడం నుంచి విడదీసిన వస్తువును కూడా చేర్చింది. అటువంటివి అమ్మే వ్యాపారానికి లైసెన్సు అవసరం. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు ఎగుమతి చేయడం నిషిద్ధం. తాతలనాటి సింహద్వారాన్ని పాత సామాను కింద తూకానికి ఇచ్చే వారిలో ఎందరికి ఈ సంగతి తెలుసునన్నది అనుమానమే.

చట్టం ఆగిపోయే చోటు

ఇంతవరకు చెప్పినవన్నీ అమ్మేవారికీ కొనేవారికీ మధ్య న్యాయాన్ని తేల్చేవి. ఊరి ప్రయోజనాన్ని అవి కాపాడలేవు. రిజిస్ట్రేషను మరునాడు కొన్నవారే స్తంభాలను ఊడదీసి అమ్మితే 8వ సెక్షను అడ్డురాదు. పట్టణం నడిబొడ్డున స్థలం విలువ కట్టడం విలువను మించిపోవడంతో, పాత ఇల్లు కొనేవారికి బరువుగా, కలప మాత్రం కలిసివచ్చే సొమ్ముగా కనిపిస్తుంది. అన్నదమ్ముల మధ్య వాటాలు పడిన ఇంట బాగుచేయించే బాధ్యత ఎవరిదీ కాకపోవడం దీనికి తోడవుతుంది. వారసత్వ సంస్థ ఇన్‌టాక్ తయారుచేసిన జాబితాలో పేరుండడం గౌరవమే గాని, దానంతట అది చట్టపు రక్షణ కాదు.

దారి లేకపోలేదు. యూరోపియన్ కమిషను సాయంతో, ఇటలీలోని ఉర్బినో, ఫ్రాన్సులోని విల్‌నవ్-స్యూర్-లోత్ పట్టణాల భాగస్వామ్యంతో 2002లో ఆరంభమైన 'ఆసియా అర్బ్స్' పథకం కింద తమిళ పేటలోని వైశ్యాల్ వీధి ఇళ్ల ముఖభాగాలను పునరుద్ధరించారు. 2008లో ఆ వీధికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. ఇంటి యజమానికి కొంత ఆసరా దొరికితే స్తంభం ఇంట్లోనే నిలుస్తుందనడానికి ఇది నిదర్శనం.

ఆసరా లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి పురపాలక భవనం 'మేరీ' ఉంది. 19వ శతాబ్దపు ఆ కట్టడం 2014 నవంబరు 29న కూలిపోయింది. అదే నమూనాలో సుమారు 15 కోట్ల రూపాయలతో తిరిగి కట్టగా 2021 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. ప్రభుత్వ భవనం కనుక నిధులు సమకూరాయి. వీధిలోని ఒక గృహస్థు ఇంటికి ఆ అవకాశం లేదు.

ఒక్క కాగితంతో తీరే తగవు

ఇంగ్లండులో ఇల్లు అమ్మేవారు ఏయే వస్తువులు వదలిపెడుతున్నదీ, ఏవి తీసుకుపోతున్నదీ ఒక నిర్ణీత ఫారంలో గది గదికీ రాసి ఇవ్వడం వాడుక. మన వద్ద అటువంటి ఫారం లేకపోయినా, అగ్రిమెంటుకు ఒక జాబితా జతపరచడానికి అడ్డేమీ లేదు. తలుపులు, కిటికీలు, స్తంభాలు, నీటి మోటారు, ఫ్యాన్లు, ఏసీలు, సౌర ఫలకాలు, చెట్లు, హక్కు పత్రాలు, తాళం చెవులు అన్నవి వరుసగా రాసి, ఎదురుగా 'ఇంటితో' లేక 'అమ్మినవారితో' అని గుర్తిస్తే చాలు. ఫొటోలు తీసి ఇరువురూ సంతకాలు చేయడం మరింత క్షేమం. అమ్మేవారికి తాతగారి ద్వారబంధం మీద మమకారం ఉంటే దానిని ఉంచుకుంటామని బయానాకు ముందే చెప్పవచ్చు. చట్టం దానిని కాదనదు. చెప్పకుండా విప్పుకుపోవడాన్నే కాదంటుంది.

కొనేవారు కూడా ఒక లెక్క వేసుకోవలసి ఉంది. పుదుచ్చేరికి వచ్చే యాత్రికులు చూడవచ్చేది సముద్రాన్ని మాత్రమే కాదు, ఈ వీధులను కూడా. కలప అమ్మితే వచ్చే సొమ్ము ఒక్కసారి వస్తుంది. స్తంభాలతో నిలిచిన ఇల్లు అతిథి గృహంగానో, భోజనశాలగానో ఏటేటా రాబడినివ్వగలదు. అన్నీ విప్పిన తరువాత మిగిలే ఖాళీ స్థలం ఏ ఊరిలోనైనా దొరుకుతుంది.