దెయ్యం కనిపించదు... దిగులు వదలదు!

భూగర్భ గనిలో పై బండ పదిలంగా ఉందో లేదో కంటిచూపుతో తేలదు. రాడ్డుతో తట్టి వినాలి. గట్టి బండైతే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. బండ కూలడం ఒక్క క్షణం. ఆ డొల్ల చప్పుడు విన్నాక గడిచే సమయం ఉంది చూశారూ... అసలు భయమంతా అక్కడే!

మంచి హారర్ సినిమా చేసేదీ ఈ పనే. నాసిరకం సినిమాకి అంత ఓపిక ఉండదు, నేరుగా బండే పడేస్తుంది. తలుపు కిర్రుమంటుంది, సంగీతం ఆగుతుంది, దడ్‌మని తెరనిండా ఓ తెల్లచీర ముఖం! హాలంతా ఉలిక్కిపడుతుంది. కానీ ఉలికిపాటు భయం కాదు. వంటింట్లో పళ్లెం జారిపడితే నెలల పసికందు కూడా ఉలిక్కిపడుతుంది. ఈ కిటుకు ఇప్పటిది కాదు. 1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్'లో ఓ అమ్మాయి రాత్రివేళ ఒంటరిగా నడుస్తుంటుంది. ఏదో వెంటపడుతోందని అడుగు వేగం పెంచుతుంది. అంతలో బుస్సుమంటూ పక్కన ఆగింది... బస్సు! అక్కడ ముందు నడిచిన నడకే ప్రాణం. తర్వాత తీసినవాళ్లలో చాలామంది నడక వదిలేసి బస్సును మాత్రం పట్టుకున్నారు.

తెలుగులో 'ప్రేమకథా చిత్రమ్' (2013), 'రాజుగారి గది' (2015) వరసలో వచ్చిన హారర్ కామెడీలు ఇంటిల్లిపాదీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. వాటిని చూసి రాత్రి నిద్ర పట్టనివాళ్లు మాత్రం తక్కువే.

గోదావరిఖని, రామగుండం లాంటి బొగ్గు ఊళ్లకు భయం వినోదంగా పరిచయమైంది కాదు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది సింగరేణి కార్మికులు చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ ఇంక్లైన్‌లో బండ కూలి మరో 10 మంది పోయారు. షిఫ్టు దిగి రావాల్సిన మనిషి గంట ఆలస్యమైతే చాలు, ఇంట్లో చూపులన్నీ గడియారం మీదే. అలాంటి ఇళ్లలో తెల్లచీర దెయ్యం ఏం ఆనుతుంది? ఇంటి దిగుళ్లనే తెరకెక్కించిన సినిమాలైతే వేరు.

అప్పుడు కూతురు... ఇప్పుడు అమ్మ

తెలుగువాళ్లు మొదలుపెట్టాల్సింది రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992)తోనే. హిందీలో ఇదే 'రాత్'. కొత్తగా అద్దెకు దిగిన కుటుంబం. కారు కింద పడి చచ్చిన పిల్లికూనను పాతిపెడతారు. కొన్నాళ్లకు అచ్చం అలాంటిదే ఇంట్లో తిరుగుతుంటుంది. కెమెరా రేవతి వెనకాలే నడుస్తుంటే, వెంట వస్తున్నది మనమా, ఇంకెవరైనానా అన్న అనుమానం వస్తుంది. నేపథ్య సంగీతం మణిశర్మది. సంగీతం ఎంత పనిచేస్తుందో, అది ఆగిపోయినప్పటి నిశ్శబ్దమూ అంతే పనిచేస్తుంది.

సరిగ్గా ముప్పై ఏళ్ల తర్వాత అదే రేవతి మలయాళ 'భూతకాలం' (2022)లో తల్లయింది. మంచం పట్టిన పెద్దావిడ చనిపోయిన అద్దె ఇల్లు, కుంగుబాటుతో మందులు వాడుతున్న అమ్మ, ఉద్యోగం దొరకని కొడుకు. రాత్రిళ్లు ఏదో వినిపిస్తోందని కొడుకంటే తాగుడు ప్రభావం అనుకుంటారు. తల్లీకొడుకులు ఒకే కప్పు కింద ఉంటూ ఒకరి మాట ఒకరు నమ్మరు. దర్శకుడు రాహుల్ సదాశివన్ దెయ్యాన్ని చూపించడానికి ఏమాత్రం తొందరపడడు. ఈ జాబితాలో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడాలి. (ఆయనే తర్వాత మమ్ముట్టితో నలుపు తెలుపుల్లో 'భ్రమయుగం' తీశాడు.)

మన 'మసూద' (2022) కూడా ఈ దారిదే. భర్తకు దూరంగా ఉంటున్న టీచరమ్మ, ఆమె కూతురు, పక్కింటి సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఆ కుర్రాడికి భయం. అయినా సాయం చేయడం మానడు. హీరోయిజం లేకపోవడమే సినిమాకి బలమైంది. చివర్లో నెత్తురు మాత్రం కాస్త ఎక్కువే.

పైకప్పు మీద మరక

జపాన్ దర్శకుడు హిడియో నకాటా 'డార్క్ వాటర్' (2002)లో భయమంతా ఓ తడి మరకలో ఉంటుంది. విడాకుల గొడవలో ఉన్న తల్లి ఆరేళ్ల కూతురితో పాత అపార్ట్‌మెంట్‌లో చేరుతుంది. పైనుంచి నీళ్లు కారుతుంటాయి. ఎవరూ పట్టించుకోరు. మరక పెరుగుతుంటుంది. గట్టిగా చెబితే 'మతి చలించింది' అని బిడ్డను తన నుంచి లాగేసుకుంటారేమో! దెయ్యం కన్నా ఆ తల్లిని ఎక్కువ వణికించేది ఇదే.

ఇరాన్ నేపథ్యంలో వచ్చిన 'అండర్ ది షాడో' (2016) సైరన్ల సినిమా. ఇరాన్-ఇరాక్ యుద్ధ కాలం. డాక్టరైన భర్తను సరిహద్దుకి పంపేస్తారు. టెహ్రాన్‌లో భార్య, కూతురు మిగులుతారు. క్షిపణి ఒకటి పేలకుండానే భవనం పైకప్పులో దిగబడుతుంది. పగుళ్లకు టేపు అంటించుకుంటూ ఆమె అక్కడే ఉంటుంది. ఓ రాత్రి దెయ్యానికి భయపడి బిడ్డను ఎత్తుకుని వీధిలోకి పరిగెడితే, తల మీద ముసుగు లేదని పట్టుకుపోతారు! ఇంట్లోనూ బయటా ఎక్కడా నీడ లేని ఆ సన్నివేశం ఎంతకీ మరపుకు రాదు.

ఇక 'ది డిసెంట్' (2005). ఆరుగురు స్నేహితురాళ్లు గుహలోకి దిగుతారు. వెనక దారి కూలిపోతుంది. తీసుకొచ్చిన స్నేహితురాలు నెమ్మదిగా బయటపెడుతుంది... ఇది అనుకున్న గుహ కాదు, దీనికి మ్యాపే లేదు! సగం సినిమా గడిచాక వికృత జీవులు వస్తాయి. అవి రాకముందే ఊపిరాడదు. ఇరుకు సందులో ఒకామె ఇరుక్కుపోయే ఘట్టం ఆ జీవులన్నిటికంటే భయంకరం. హింస ఎక్కువ, పిల్లలకు వద్దు. ఇంట్లో ఎవరైనా రాత్రి షిఫ్టుకు వెళ్లినరోజు పెద్దలకూ వద్దు. అన్నట్టు, అమెరికాలో దీని ముగింపును కత్తిరించి విడుదల చేశారు. దొరికితే బ్రిటన్‌లో వచ్చిన అసలు ముగింపుతోనే చూడండి.